సుద్దముక్క సంతకం

ఆ రోజుల్లో నాకు పుట్టగొడుగులతో తప్ప ఎవరితోనూ పెద్దగా పరిచయం లేదు. వృక్షశాస్త్రంలో ఎమ్మెస్సీ చేసినవాడికి ఇంతకంటే మంచి స్నేహాలు దొరకవని మా లెక్చరర్లు ముందే చెప్పి ఉండాల్సింది. గోదావరిఖని పక్కన బొగ్గుగనుల మట్టిగుట్టలను ఆనుకొని కాపాడుతున్న చిన్న అడవిలో ఒక వానాకాలమంతా తిరిగి, మొలిచిన ప్రతి పుట్టగొడుగునూ రిజిస్టర్లోకి ఎక్కించడం నా తొలి ఉద్యోగం. ఊరు కొత్త, యాస కొత్త, అద్దె గది మరీ కొత్త (సున్నం వాసన ఇంకా పోలేదు). ఫోన్ చేసి పలకరించేది రీఛార్జి గుర్తుచేసే అమ్మాయి ఒక్కతే. ఆమె కూడా నేను బదులు చెప్పేదాకా ఆగేది కాదు. ఆదివారాలు ‘ప్రకృతి నడక, అందరూ ఆహ్వానితులే’ అని గేటుకు కాగితం అంటించాను. నాలుగు ఆదివారాలు నేను నడిచాను. అందరూ అంటే నేనే.

దొరికిన పుట్టగొడుగును వరసగా మూడు రోజులు కొలవాలి. మళ్లీ కనుక్కోవడానికి పక్కనున్న రాయి మీద సుద్దముక్కతో తారీఖు వేసి, కింద సంతకం పెట్టేవాడిని. (సంతకం అవసరం లేదు. ఆ ఊళ్లో నా పేరు రాసే అవకాశం మరెక్కడా రాలేదంతే.) వారం తిరిగేసరికి రాళ్లు ఉన్నాయి, తారీఖులు ఉన్నాయి, పుట్టగొడుగులు లేవు. ఎవరో శుభ్రంగా కోసుకుపోతున్నారు. అదీ సంతకం ఉన్నవే. లేనివాటిని ముట్టడం లేదు. నాకు కోపం రావలసింది. రాలేదు. నేను రాసింది ఎవరో చదువుతున్నారన్న సంతోషంలో వాచ్‌మన్‌కు కూడా చెప్పలేదు.

ఆ సంతోషం ఒక సోమవారం ఉదయం దాకా నిలిచింది. ముందురోజు గుర్తు పెట్టిన తెల్లగొడుగులు మాయమయ్యాయి. అవి లేతగా ఉన్నప్పుడు అచ్చం తినే పుట్టకొక్కుల్లాగే ఉంటాయి. తిన్నవాడు మాత్రం వాంతులతో ఆస్పత్రిలో తేలతాడు. రిజిస్టర్లో ‘విషం’ అని ఎర్రసిరాతో రాశాను. రిజిస్టరు నా సంచిలో ఉంది. రాయి మీద ఉన్నది నా సంతకం.

గేటు దాకా పరిగెత్తి, పుట్టగొడుగులు ఎవరు పట్టుకెళ్లారని వాచ్‌మన్‌ను అడిగాను.

“సర్దార్ కాకనే. జరసేపైతుంది సంచి పట్టుకొని పోయి. గా క్వార్టర్ల వరుసల చివరి ఇల్లు. గంత ఫికరేంది సార్, నీకు ఉంచలేదా?”

చివరి ఇంట్లో డెబ్బై దాటినాయన ఒక్కడే స్టవ్ ముందు నిలబడి ఉన్నాడు. గిన్నె ఉడుకుతోంది. వాసన, ఒప్పుకోవాలి, చాలా బాగుంది.

“తినేశారా?” అని అరిచాను.

“ఇంకా ఉడకలే. నువ్వెవలు బిడ్డా?”

“అది విషమండీ! దించెయ్యండి!”

ఆయన చలించలేదు. “తప్పు మాట. దానికి సంతకం ఉన్నది.”

“ఆ సంతకం నాదే!”

ఆయన గరిటె పట్టుకునే నన్ను పైనుంచి కిందిదాకా చూశాడు. “నువ్వా సర్దారువు?”

అప్పుడు తెలిసింది. బొగ్గుబాయిలో సర్దారు ముందుగా వెళ్లి, పైకప్పును కర్రతో తట్టి చూసి, పదిలంగా ఉంటేనే సుద్దముక్కతో తారీఖు వేసి సంతకం పెడతాడట. అది చూశాకే మిగతావాళ్లు పనిలోకి దిగుతారు. ఈయన ముప్పై ఏళ్లు అలా సంతకాలు పెట్టి రిటైరైన సర్దారు.

“కోసేటప్పుడు నాకు జర అనుమానమే కొట్టింది,” అన్నాడు. “కని సంతకం పెట్టినంక అనుమానపడుడేంది? నా సంతకం మీద ఎంతమంది లోపటికి పోయిండ్రు! నువ్వు సూడకుండనే పెట్టినవా?”

“లేదండీ. విషమని తెలిసే పెట్టాను.”

ఆ మాట ఎలా వినిపించిందో ఆయన మొహం చూశాకే అర్థమైంది.

కూర గుంటలోకి పోయింది. మట్టి కప్పి, ఆయన చెప్పులేసుకున్నాడు. “ముందుగాల గా సంతకాలన్ని తుడుద్దాం పా. ఇంకెవడన్న నమ్ముతడు.” ఇద్దరం తడిగుడ్డలతో అడవంతా తిరిగాం. ప్రతి రాయి దగ్గరా ఆయన ఆగి నా చేతిరాతను పరీక్షగా చూసి, “యాడ సదివినవ్ బిడ్డా?” అనేవాడు. దారిలోనే చెప్పాడు: ఆయన భార్య పోయి రెండేళ్లయింది. “గీ సంతకం పెట్టెటోడు కనబడితె ముచ్చట పెడ్దామని రోజు వస్తున్న. నాతోని మాట్లాడేటోళ్లు ఎవలున్నరు ఈడ?” ఆయన వచ్చేది ఆరింటికి, నేను ఏడింటికి. ఒక్క గంట తేడాతో ఇద్దరం ఒకరినొకరం వెతుక్కున్నాం.

మళ్లీ ఇంటికొచ్చి కోడిగుడ్ల పొరటు చేశాడు. (వాటికి ఎవరి సంతకమూ అవసరం లేదన్నాడు.) తింటూ మాట్లాడటం మొదలుపెట్టాను. మా ఊరు, మా కాలేజీ, రానన్న ఉద్యోగాలు, కట్ చేసేసే ఫోన్ అమ్మాయి, పుట్టగొడుగుల జాతులు, ఉపజాతులు. నెల రోజుల మాటలు లోపల నిలవ ఉన్నాయని నాకే తెలియదు. ఆయన గోడకానుకొని “ఊఁ” కొడుతున్నాడు. కాసేపటికి ఆ “ఊఁ” ఆగింది; గురక మొదలైంది.

నాకిప్పుడు చుట్టూ మనుషులున్నారు, మాట్లాడటానికి అవకాశాలూ ఉన్నాయి. అయినా ఆ మధ్యాహ్నం ఆయన ముందు కూర్చున్న అప్పటి నేననే కుర్రాడు తలపుకొస్తే నవ్వొస్తుంది. కాక నిద్రపోయాడని వాడికి అప్పుడే తెలిసింది. ఆపలేదు. గొంతు కొంచెం తగ్గించాడంతే.