గాజా ఇసుకలో నేను తవ్విన గుంతలు

ఖానాపూర్‌లో ఒక పెళ్లికి పోయినప్పుడు వరుసకు మేనమామ అయ్యే ఒకాయన నలుగురిలో నన్ను ఆపి అడిగాడు.

"ఏం అల్లుడా, పటాలంల చేరి సముద్రం దాటిపోయి పాయిఖానా గుంతలు తవ్వినవటగద?"

"తవ్విన మామా. కొత్తయి మూడు తవ్విన. పాతయి రెండు పూడ్చిన గూడ."

ఆయన నవ్వబోయి ఆగిపోయాడు. నేను తల దించుకుంటానని అనుకున్నట్టున్నాడు. మా ఇంట్లో ఎవరికీ ఆ అలవాటు లేదు. ఆ గుంతల సంగతి పదిమంది నోళ్లలో పడి వంకరలు పోయేలోపు నేనే రాసి పెడుతున్నాను.

మాది చొప్పదండి దాటినాక వచ్చే ఒక ఊరు. ఊరి నడుమ మా గడీ, కోటలాంటి దొరల ఇల్లు. నా చిన్నతనంలో దాని ముందు నుంచి పోయేవాళ్లు చెప్పులు విడిచి చేతపట్టుకొని పోయేవారు. నిజాం పాలన పోయింది. ఆ వెనకే భూములు పోయాయి, తాత పోయాడు. ఆ తరువాత ఒక్కో వానకాలానికి గడీలో ఒక్కో గది కప్పు కూలుతూ వచ్చింది. నేను మెట్రిక్ రెండుసార్లు తప్పాను. చుట్టాలు వాళ్ల ఇళ్లలో గుమాస్తాగా ఉండమన్నారు. ఒకరి అరుగు మీద కూర్చుని వాళ్ల కాగితాలు రాయడం కంటే తుపాకి మోయడం నయమనుకొని పటాలంలో చేరాను. "సిపాయివా? కప్తానువు కాదా?" అని అవ్వ ఒక్కసారే అడిగింది. మళ్లీ అడగలేదు.

కొన్నాళ్లకు మా పటాలాన్ని గాజాకు పంపారు. కొట్లాడుకున్న రెండు దేశాల నడుమ కాపలా. నెత్తిన శాంతిసేన నీలి టోపీ, చేతిలో తుపాకి. మన మీదికి వస్తే తప్ప ఆ తుపాకి పేల్చరాదు. సరిహద్దంటే గోడా కాదు, కంచె కూడా కాదు. ఇసుకలో నాగలితో దున్నినట్టున్న సన్నని కందకం. ఒక గొర్రెపిల్ల సులువుగా దూకుతుంది. దానికోసమని కాపరి కూడా దూకుతాడు. వాణ్ని మర్యాదగా ఇవతలికి పిలవడం మా ఉద్యోగం.

పొద్దున ఐదింటికి లేవాలి. ఒక్క మగ్గు నీళ్లలో మొహం కడుక్కోవాలి, గడ్డం కూడా గీసుకోవాలి. కసరత్తు, చాయ్, ఆ తరువాత బూట్ల తనిఖీ. ఇసుక నేల మీద బూటు మెరుస్తూ ఉండాలి. నా బూట్లకు ఎవరూ ఎప్పుడూ వంక పెట్టలేదు. తరువాత ట్రక్కు మమ్మల్ని పోస్టులో దింపేది. దుర్భిణి పట్టుకొని కూర్చుని, కనిపించినదంతా గంటగంటకూ ఫోనులో చెప్పాలి. అవతల ట్రాక్టరు దున్నుతున్నది, ఇవతల ఒక ముసలామె కట్టెలు ఏరుతున్నది, రెండు ఒంటెలు, ఎవరి చేతా ఆయుధం లేదు. ఏడాది పొడుగునా దాదాపు ఇవే మాటలు. తోటల మీది నుంచి నారింజ పూల వాసన వచ్చేది. దాన్ని ఎట్లా చెప్పాలో ఫోను నియమాల్లో లేదు.

పటాలానికి సఫాయి మనుషులు ఉండేవారు కాని, మా ప్లటూను డేరాలు దూరంగా కందకం పక్కన ఉండేవి. అక్కడ పాయిఖానా గుంతలు మేమే తవ్వుకోవాలి. నిండినవి పూడ్చి, కొత్తవి తవ్వి, సున్నం చల్లాలి. ఇసుకలో గుంత తవ్వడం తేలిక కాదు. తవ్వినకొద్దీ గోడలు జారుతాయి. నారింజ పెట్టెల చెక్కలు విప్పి నాలుగు వైపులా నిలబెట్టకపోతే సాయంత్రానికి గుంత ఉండదు.

ఏ రోజు ఎవరికి ఏ పనో మా సెక్షన్‌కు పెద్ద అయిన నాయక్ రాసేవాడు. కాగితం డేరా గుంజకు వేలాడేది. అందులో పేర్లు ఉండవు, మా నంబర్ల చివరి అంకెలు మాత్రమే. కందకం కాపలాలో నా నంబరు ఉండేది. వంట జరిగే లంగర్‌లో డేగిసాలు తోమడానికి ఉండేది. గుంతల పనిలో మాత్రం ఏనాడూ లేదు.

ఆ నాయక్‌ది మా ఊరే. వాళ్ల బాపు మా గడీకి వెట్టికి నీళ్లు మోసేవాడు. కొడుకు కావడి ఎత్తే వయసు రాగానే ఊరు విడిచి పటాలంలో చేరాడు. పదేళ్లలో చేతికి రెండు పట్టీలు సంపాదించి నాయక్ అయ్యాడు. మూడోది వస్తే హవల్దార్. వాళ్ల ఇంట్లో, వాళ్ల వాడలో, అంత ఎత్తుకు పోయినవాడు లేడు. ఆ ఏడు మూడో పట్టీకి అతని పేరు పోతుందని అందరికీ తెలుసు.

అందరితో పటాలం హిందుస్తానీలో మాట్లాడేవాడు. నాతో ఒంటరిగా ఉంటే తెలుగులో, "చిన్నదొరా, నీళ్లు తాగుండ్రి" అనేవాడు. గుంతల పనికి నా నంబరు రాయలేదంటే మరిచిపోయి కాదు. ఆ సంగతి నాకు మొదటి వారమే తెలిసింది. తెలిసీ ఊరుకున్నాను. రెండు నెలలు ఊరుకున్నాను. ఈ రాతలో నాకు సిగ్గనిపించే వాక్యం ఇదొక్కటే.

మా డేరాలో అనంతపురం సిపాయి ఒకడు ఉండేవాడు. ఒకరోజు పార కడుక్కొని వస్తూ నా మంచం ముందు వంగి సలాం కొట్టాడు.

"ఏమప్పా రాజా, కడుపు సల్లంగుందా? నువ్వు కూకునేదానికి గుంత తవ్వినాంలే. సున్నం గూడా సల్లినాం. పూలు సల్లల్లనంటే సెప్పు."

డేరా అంతా నవ్వింది. నాయక్ గుమ్మంలో నిలబడి విన్నాడు. మర్నాడు కాగితంలో మళ్లీ నా నంబరు లేదు. ఆ సాయంత్రమే అనంతపురంవాడు సుబేదార్‌కు ఫిర్యాదు చేశాడు. వాడిది తప్పని నేను అనను.

మేజర్ సాబ్ నాయక్‌నూ నన్నూ పిలిపించాడు. ఉత్తరాది మనిషి. బల్ల మీద రెండు నెలల కాగితాలు పరిచి ఉన్నాయి. మూడో పట్టీకి పేర్లు మర్నాడు పైకి పోవాలి.

"ఈ మనిషికి గుంతల పని ఎందుకు పడలేదు?" అని హిందుస్తానీలో అడిగాడు.

నాయక్ నిటారుగా నిలబడ్డాడు. ఏమని చెబుతాడు? వాళ్ల బాపు మోసిన కావడి సంగతి మేజర్ ముందు విప్పాలా? పదేళ్ల కష్టం ఒక్క నిమిషంలో పోయేట్టుంది. నేను ఒక అడుగు ముందుకు వేశాను.

"నేనే బతిమాలాను సాబ్. నాతో ఆ పని కాదని కాళ్లు మొక్కాను. తప్పు నాది."

మా వంశంలో ఎవరూ ఎవరినీ బతిమాలింది లేదు. అబద్ధానికైనా ఆ మాట నా నోట రావడానికి ఎంత బలం కావలసి వచ్చిందో నాకు తెలుసు.

"అబద్ధం సాబ్." నాయక్ నా వైపు చూడకుండానే అన్నాడు. "ఇతను ఏమీ అడగలేదు. మా బాపు వీళ్ల ఇంట్లో వెట్టి చేశాడు. ఇతని నంబరు రాయబోతే నా చెయ్యి ఆడలేదు. అంతే."

మేజర్ కాగితాలు చేతిలోకి తీసుకున్నాడు. తరువాత లేచి మమ్మల్ని డేరా బయటకు నడిపించాడు. ఎండ మండుతున్నది. అనంతపురంవాడితో సహా సెక్షన్ అంతా అక్కడే ఉంది.

"ఒక్క సిపాయికి హుకుం ఇవ్వలేనివాడి చేతికి ప్లటూను ఎట్లా ఇవ్వను? ఇప్పుడే, నా ముందర, ఇతనికి హుకుం ఇవ్వు. లేదంటే నీ పేరు కొట్టేస్తాను."

నాయక్ నా ముందుకొచ్చి నిలబడ్డాడు. మెడ మీద చెమట కారుతున్నది. జెండా తాడు కర్రకు కొట్టుకుంటున్నది. హిందుస్తానీలో అయితే తేలిక. రోజుకు వందసార్లు అతని నోట వచ్చే మాటలే, ఎవరి ఊరివీ కావు. అతను ఆ తేలిక దారి పట్టలేదు. మా ఊరి తెలుగులో, కావడి దించి మా పెరట్లో నిలబడి వాళ్ల బాపు ఏనాడూ ఎత్తని గొంతుతో అన్నాడు.

"పార తీస్కో. పాతయి రెండు గుంతలు పూడ్చు. కొత్తయి మూడు తవ్వు. పొద్దుగూకక ముందే సున్నం పడాలె."

నేను కదల్లేదు. ఎదిరించి కాదు. నా కాళ్లకు ఆ మాట చేరడానికి కొంచెం సేపు పట్టింది.

"ఏం జూస్తున్నవ్? నడువ్ అంటున్న!"

"జీ, ఉస్తాద్," అని మడమలు కలిపి వెనక్కు తిరిగాను. మేజర్‌కు ఆ భాష ఒక్క ముక్క రాదు. ఆయన కాగితాలు మడిచి లోపలికి పోయాడు.

ఒంటరిగా తవ్వాను. అనంతపురంవాడు నారింజ పెట్టెలు తెచ్చి పడేసి, "సాయం పట్టల్లనా అప్పా?" అన్నాడు. వద్దన్నాను. మూడో గుంత అయ్యేవేళకు నాయక్ వచ్చి అంచున నిలబడ్డాడు.

"గా మూల జారుతది. చెక్క తీసి మళ్ల పెట్టు."

తీసి మళ్లీ పెట్టాను. అతను వెళ్లలేదు.

"బతిమాలిన అని ఎవలు చెప్పుమన్నరు నిన్ను?"

"నీ పట్టీ పోతదని చెప్పిన."

"పోతే నాది పోతది. మీ తాత ఇచ్చిన మాన్యమా గది, నువ్వు కాపాడెటందుకు? ఇంకోసారి నా మీద దయ జూపకు."

"నువ్వు సుత నా మీద చూపకు. నా నంబరు రాయి."

"రాస్త. ఫికర్ జెయ్యకు. రేపు సుత నీదే."

సున్నం చల్లేసరికి పొద్దు ఇంకా జానెడు ఉంది. ఆ వరుసలో నేను తవ్విన మూడు గుంతల అంచులు దారం పట్టినట్టు సూటిగా ఉండేవి. గడీ మనుమడు కదా అని ఎవరూ నాసిరకం పని చూసి నవ్వకూడదు.

మూడో పట్టీ నెల దాటకముందే వచ్చింది. అంతవరకు నేను ఇంటికి రాసిన ఉత్తరాల్లో అతని ప్రస్తావనే లేదు. ఆ వారం అవ్వకు అంతా రాశాను. ఎవరి కొడుకో, నా మీద ఏ హోదాలో ఉన్నాడో, నా చేత ఏం తవ్వించాడో, ఒక్క ముక్క దాచలేదు. అవ్వ తన చేత్తోనే జవాబు రాసింది. ఊరి సంగతులన్నీ అయ్యాక అడుగున ఇట్లా ఉంది:

"వాళ్ల బాపు ఒక్క చుక్క తొణకకుంట నీళ్లు మోసేటోడు. కొడుకు హుకుం మంచిగ ఇస్తుండా?"

"ఇస్తుండు," అని రాశాను. "నేను వింటున్న."