డ్రమ్ములో వేడి

యానాం నుంచి బదిలీ మీద పుదుచ్చేరి వచ్చి మూడు నెలలైంది. మూలకుళంలో ఒక మేడ మీద అద్దెకుంటున్నాను. వంటింటి తొక్కలతో ఎరువు చేద్దామని డాబా మీద ఒక పాత డ్రమ్ము పెట్టాను. ఇంతలో చలికాలం వానలు పట్టుకున్నాయి. నీళ్లు దిగి డ్రమ్ము కంపు కొట్టింది. మూడు రోజుల కిందట తడి పీల్చుకుంటుందని రంపప్పొట్టు కలిపి మూత పెట్టాను. అప్పటి నుంచి ఆఫీసులో ఉన్నా మనసంతా డాబా మీదే.

ఈ ఉదయం ఇంటి ఓనరు కామాక్షవ్వ పైకొచ్చారు. తరతరాలుగా ఇక్కడే ఉన్న తెలుగువాళ్లు.

“ఏందమ్మా ఈ నాత్తం? పక్కింటోళ్లు నన్ను అడగతా ఉండారు. ఇప్పుడే యాడైనా పారేసి రా.”

గోనెసంచి తెచ్చి చేత్తోనే తోడటం మొదలుపెట్టాను. ఏడుపొచ్చినంత పనైంది. మధ్యకు వెళ్లేసరికి చేతికి వెచ్చగా తగిలింది. అంటే లోపల ఎరువు మాగడం మొదలైందన్నమాట. బయటేమో చలిగాలి, తుంపర.

“అవ్వా, ఒక్కసారి చెయ్యి పెట్టి చూడండి!”

ఆవిడ ముక్కు మూసుకునే చెయ్యి పెట్టారు. మరుక్షణం ముక్కు మీది చెయ్యి జారింది.

“అయ్యో, జొరం వచ్చిన బిడ్డ మాదిరి కాలతా ఉందే! దీన్ని పోయి పారేస్తావా? మూతెయ్యి, చలి తగలతాది.”

పక్కింటివాళ్లకు తానే సర్దిచెప్పుకుంటానన్నారు. తోడినదంతా మళ్లీ డ్రమ్ములో వేశాను.

సాయంత్రం నుంచి అవ్వ రెండుసార్లు డాబా ఎక్కారు, నేను ఐదుసార్లు. ఇలా చేసిన అనుభవం ఉన్నవాళ్లెవరైనా చెప్పండి: దాన్ని కెలక్కుండా ఊరుకోవడం ఎట్లా?