అమ్మ జీతం

పీహెచ్‌డీకి నేను ఎంచుకున్న టాపిక్కు విని మా అమ్మ పొట్ట పట్టుకుని నవ్వింది. ప్రైవేటు బళ్లలో నర్సరీ, ఎల్‌కేజీ చెప్పే టీచర్ల జీతాల మీద పరిశోధన చేస్తానన్నాను. "దానికి అన్నేళ్లెందుకే? అరపేజీ చాలు" అంది. నవ్వే హక్కు ఆవిడకుంది. నాకు ఊహ తెలిసినప్పటినుంచీ ఆవిడ తెనాలిలో ఒక ప్రైవేటు బళ్లో ఎల్‌కేజీ టీచరు. మా మారీసుపేటలో సగంమందికి అక్షరాలు దిద్దించింది ఆవిడే. కూరగాయల బజారుకి వెళ్తే మీసాలొచ్చినవాళ్లు కూడా బండి ఆపి "నమస్తే టీచర్" అంటారు. వాళ్లలో ఎవడు పక్కవాడి చెయ్యి కొరికేవాడో ఈవిడ అందరిముందూ చెప్పేస్తుంది.

మా గైడు మేడం మాత్రం నవ్వలేదు. ఆవిడ పేచీ వేరు. "టాపిక్కు బాగుందమ్మా, కానీ నీకెవరు చెప్తారు? పెళ్లిచూపుల్లో అబ్బాయి జీతం అడగొచ్చు గానీ, టీచరమ్మ జీతం అడిగితే మాట మార్చేస్తారు. ఒకసారి తిరిగి చూడు. కొందరైనా నోరు విప్పితే సంతకం పెడతా. లేదంటే ఇంకోటి చూసుకోవాల్సిందే" అన్నారు. ఇంకోటి అంటే ఆవిడ మనసులో ఉన్నది డ్వాక్రా గ్రూపుల పొదుపు. ఆ పొదుపు మీద డిపార్టుమెంటులో ఇప్పటికే బీరువా నిండా థీసిస్సులున్నాయి. నాకు ఒళ్లు మండింది. చేస్తే ఇదే చేస్తానని పంతం పట్టాను.

కానీ మే నెలలో బయల్దేరాను, అదే పొరపాటు. మా వైపు మే అంటే మామిడికాయలు, ఆవకాయలు, వాటితోపాటు అడ్మిషన్ల క్యాన్వాసింగు. సెలవులు పిల్లలకే. చిన్నతరగతుల టీచర్లు కరపత్రాలు పట్టుకుని వీధి వీధీ తిరిగి, మీ పిల్లల్ని మా బళ్లో వేయండని అడగాలి. పిల్లల్ని తెచ్చినవాళ్లకే జూన్‌లో ఉద్యోగం ఖాయం. అలాంటి రోజుల్లో నేను భుజాన సంచీ, చేతిలో కాగితాలు, నెత్తిన చున్నీతో బాపట్లలో ఒక వీధిలోకి అడుగుపెట్టాను. వరండాలో కూర్చున్న మామ్మగారు "మావాడు ఇంకా పాలే మానలేదమ్మా, వచ్చే ఏడు రా" అంది. పక్కింటావిడ బస్సుకి వేరే కట్టాలా అని అడిగింది. నేను టీచర్ని కాదండీ, పరిశోధన చేస్తున్నానండీ అంటే, "ఏ బడైతే ఏంలే, ఎండన పడి వచ్చావు, కూర్చో" అని మజ్జిగ గ్లాసు చేతికిచ్చింది. మజ్జిగ మాత్రం ఏ ఇంట్లోనూ పుల్లగా లేదు.

అసలు టీచర్లు దొరికాక ఇంకా అన్యాయం. వాళ్లు నన్ను పోటీ బడి మనిషనుకున్నారు. "ఈ వీధి మాదండీ" అని ఒకావిడ నా దారికి అడ్డం కూడా వచ్చింది. ఎలాగో నమ్మించి జీతం ఊసెత్తితే అందరూ నీళ్లు నమలడమే. "బానే ఇస్తారండీ." "ఇంట్లో ఊరికే కూర్చోలేక వెళ్తున్నానండీ." "మా పాపకి ఫీజు లేదండీ, ఇంకేం కావాలి?" అంకె మాత్రం ఒక్కరి నోటా రాలేదు.

ఇంటికొచ్చి సంచీ విసిరేసి, "నీ అరపేజీ కూడా నిండేట్టు లేదు" అన్నాను. ఈసారి అమ్మ నవ్వలేదు. "రేపల్లెకి నేనూ వస్తా పద" అంది.

రేపల్లెలో ఒక యూకేజీ టీచరింటికి వెళ్లాం. ఈమధ్యే పెళ్లయిన పిల్ల. వాళ్లత్తగారు మాకు కుర్చీలు వేసి, తనూ పక్కనే కూర్చుంది. నేను నా ప్రశ్న అడిగాను. ఆ అమ్మాయి అత్తగారి వైపు చూసి "బానే ఇస్తారండీ" అంది. ఇక లేద్దామనుకుంటుంటే, అమ్మ తన కుర్చీ ఆ అమ్మాయి దగ్గరికి జరుపుకుంది.

"నాదీ ఇదే పనమ్మా. నాకెంతిస్తారో చెప్తా విను" అని అంకె చెప్పింది. టమాటా ధర చెప్పినట్టు మామూలుగా చెప్పింది.

మా ఇంట్లో మాకు తెలిసిన అంకె అది కాదు. మాకు చెప్పినదాంట్లో సగం కన్నా కాస్త ఎక్కువ, అంతే.

"ఇన్నేళ్ల సర్వీసుకి అంతేనా అక్కయ్యగారూ?" అంది అత్తగారు.

"అంతేనండీ."

అప్పుడు ఆ అమ్మాయి తనదీ చెప్పింది. ఇంకా తక్కువ. అత్తగారు లోపలికెళ్లి మాకు కాఫీ పెట్టుకొచ్చింది. ఆ అమ్మాయి తనతో పనిచేసే వాళ్లకి ఫోన్లు చేసి, "తెనాలి నుంచి ఒక టీచరుగారొచ్చారు, మనలాంటావిడే, వచ్చి చెప్పండి పర్లేదు" అంది. సాయంత్రానికి ఆ వరండాలో కుర్చీలు చాల్లేదు.

తిరుగు రైల్లో అడిగాను. "మాకు ఎక్కువెందుకు చెప్పావమ్మా?"

"ఇంత తక్కువని తెలిస్తే మీ నాన్న మానేయమంటారు. ఆ కాస్త దానికి ఎండలో తిరగడమేంటంటారు. పొద్దున ఏడుస్తూ వచ్చిన పిల్ల మధ్యాహ్నానికి నా చెంగు పట్టుకుని వెనకే తిరుగుతుంటే ఎంత బాగుంటుందో నీకేం తెలుసు?"

"మరి ఆ తేడా డబ్బులు?"

"సాయంత్రం ట్యూషన్ పిల్లలున్నారుగా. వాళ్లకి ఊరికే చెప్తున్నానని మీ నాన్న నమ్మకం."

నాకు కోపమూ వచ్చింది, ముద్దూ వచ్చింది. ఆవిడకి పనంటే ఇష్టమని తెలిసే బడివాళ్లు తక్కువిస్తున్నారు. ఆ ఇష్టం పోగొట్టుకోలేకే ఆవిడ తక్కువన్న సంగతి దాచింది. నేను వెతుకుతున్నది నా ఎదుటి సీట్లోనే కూర్చుని జంతికలు తింటోంది.

"ఇది రాస్తాను మరి" అన్నాను.

"రాయి. పేరొద్దు. మీ నాన్నకి మాత్రం ముందు నేను చెప్పాలి."

నా కాగితాలు చూసి మేడం సంతకం పెట్టేశారు. మర్నాడు టిఫిన్ దగ్గర అమ్మ నాన్నకి చెప్పేసింది. రిటైరైన దగ్గరనుంచీ ఆయనకి ఇంటి లెక్కలన్నీ తనకే తెలుసని గట్టి నమ్మకం. ఇడ్లీ తుంచిన చెయ్యి అలాగే ఆగిపోయింది. "ఇన్నేళ్లూ ఇంతకేనా?" అన్నారు. అమ్మ ఆయన ఇంకేమీ అనకముందే "నేను మానను" అంది. నాన్న లేచి చెయ్యి కడుక్కుని, బండి తాళం తీసుకుని, "మానమని ఎవరన్నారు? ఇవాళ ఏ వీధులు?" అన్నారు.

ఆ రోజునుంచీ క్యాన్వాసింగుకి ఆయనే తీసుకెళ్తున్నారు. అమ్మ వెనక కరపత్రాలతో కూర్చుంటుంది. ప్రతి ఇంటి దగ్గరా ఈవిడకంటే ముందు ఆయనే, "మా ఆవిడ దగ్గర పిల్లలు అస్సలు ఏడవరండీ" అని మొదలెడుతున్నారట. గేటు దగ్గర నిలబడి వాళ్లు వెళ్తుంటే చూడటం నాకెంతో సంతోషంగా ఉంది. బండి మలుపు తిరిగాకే గుర్తొస్తుంది, ఆ ఒక్క జీతానికి ఇప్పుడు ఇద్దరు పనిచేస్తున్నారని, పెట్రోలు కూడా మాదేనని.