చల్లది

తొండుపల్లి దగ్గర ఎయిర్‌పోర్టు బస్సు ఆగిపోయింది. ముందు ఏదో లారీ అడ్డం తిరిగిందట. ఏసీ చచ్చిపోయింది, అద్దాలేమో తెరుచుకోవు. అందరూ డ్రైవర్ మీద అరుస్తుంటే నేనొక్కణ్ణే నోరు మూసుకుని ఉడికిపోతున్నాను.

పక్కసీట్లో ఒళ్లో సంచీ పెట్టుకున్న ఆవిడ ఫోన్లో అంటోంది. "చల్లయే తీస్కున్న. వేడియి తేలే."

నాకు ప్రాణం లేచొచ్చింది. "అక్కా, నాకొకటి ఇస్తారా? గొంతెండిపోతోంది."

ఆమె పగలబడి నవ్వి సంచీ తెరిచింది. కారు స్పార్క్ ప్లగ్గులు, వాటి వైర్లు!

"మా ఆయన కారుకు సూపర్‌ఛార్జర్ పెట్టిండు అన్నా. అది ఇంజన్ల గాలి కుక్కుతది, మంట ఎక్కువైతది. పోయినసారి వేడి ప్లగ్గులేసి ఇంజన్ కాలవెట్టిండు. గందుకే ఈసారి నేనే పోయి తెచ్చిన, వైర్లు గూడ మందంయి."

ఒక ప్లగ్గు నా చేతిలో పెట్టింది. సంచీలో ఎండకు కాగి చురుక్కుమంది.

"ఇది చల్లదా?"

"వేడిని లోపల దాసుకోకుండ జల్ది బయటికి ఇడిశేది చల్లది అన్నా. దాసుకునేది వేడిది."

వెనకాల ఎవరో మళ్లీ డ్రైవర్ని తిట్టారు. బస్సు కదల్లేదు. నేను లోలోపలే ఉడుకుతూ ప్లగ్గు తిరిగిచ్చేశాను.

ఇంట్లో, ఆఫీసులో అందరూ నన్ను చల్లటి మనిషంటారు. ఆ అక్క లెక్కన నేను వేడి ప్లగ్గుని.