దిబ్బ మీద తుమ్మ గింజలు

ఆ రోజుల్లో నాకు కుదురనేది ఉండేది కాదు. అన్నం ఉడికిందో లేదోనని పదిసార్లు మూత తీసి చూసే రకం. (ఇప్పుడు మాత్రం ఏం మారానని? మా ఆవిడను అడగండి, చెబుతుంది.) అలాంటివాణ్ణి పట్టుకొచ్చి, మొక్క మొలిచేదాకా ఓపిగ్గా కాపలా కాసే ఫారెస్టు వాచర్ పనిలో పెట్టారు. రెండో ప్రపంచ యుద్ధం రోజులు. పెట్రోలు దొరక్క మదనపల్లె బస్సులు బొగ్గుల గ్యాసుతో నడిచేవి. ఆ బొగ్గుల కోసం పుంగనూరు దగ్గర ఒక చెరువు మధ్యనున్న దిబ్బ మీది నల్లతుమ్మలన్నీ నరికేశారు. వాటి మీద గూళ్లు కట్టే కొంగలు రావడం మానేశాయి. కొంగల రెట్ట కలిసిన నీళ్లు లేక మళ్లలో సత్తువ పోయిందని రైతులు మొత్తుకున్నారు. దిబ్బ మీద మళ్లీ తుమ్మలు మొలిపించడం నా వంతైంది. "వానలు ముగిసేలోగా మొలకలు కనబడకపోతే నీకీ ఉద్యోగం ఉండదు. చుట్టుపక్కల మేక కాలు పెట్టకూడదు," అని రేంజరుగారు తేల్చి చెప్పి వెళ్లారు.

మొదటిరోజే ఉత్సాహం పట్టలేక, గట్టు మీద మేస్తున్న మేకలన్నిటినీ బందెలదొడ్డికి తోలించాను. అవి ఒక ముసలామెవి; జరిమానా కట్టి విడిపించుకుపోయింది. ఊరంతా ఆమెను మేకలవ్వ అనేవాళ్లు. తర్వాత గింజలు నాటాను. నాటిన మర్నాటి నుంచీ నడుములోతు నీళ్లలో దిబ్బకు వెళ్లడం, మొలిచాయేమోనని తవ్వి చూడడం, మళ్లీ పూడ్చడం. నెల గడిచినా ఒక్కటీ మొలవలేదు. తిన్నది ఒంటబట్టేది కాదు.

ఒకనాడు నేను తడిబట్టలతో గట్టెక్కుతుంటే అవ్వ ఎదురొచ్చింది.

"ఏమప్పా, దినామూ తవ్వి సూస్తాండావు. గింజకన్నా మానం మర్యాదా వద్దా?"

"మొలవలేదవ్వా. నా ఉద్యోగం పోతాది," అన్నాను. ఏడుపొక్కటే తక్కువ.

"యాల మొలుస్తాది? తుమ్మ గింజ తోలు మందం. మేక కాయ తిని, నెమరేసి గింజ ఉమ్మేస్తే, అది నాని ఉంటాది, బిరీన మొలుస్తాది. నువ్వేమో నా మేకల్నే దొడ్లో పెట్టిస్తివి!"

సిగ్గుతో చచ్చిపోయాను. అవ్వ పడీపడీ నవ్వి, మేకల కొట్టం ఊడ్చిన చెత్తలోంచి గంపెడు గింజలు ఏరి ఇచ్చింది. "ఈసారి తవ్వితే నా మీద ఒట్టే," అంది. వాటిని దిబ్బ మీద నాటి వచ్చాను. తవ్వి చూడాలని చేతులు దురద పెట్టాయి. గట్టు మీద పొద్దస్తమానం పచార్లు చేసి చెప్పులు అరగదీశానే గానీ తవ్వలేదు. రెండు వారాలకు దిబ్బంతా పచ్చటి మొలకలు!

రేంజరుగారు వచ్చి చూసి మురిసిపోయారు. "మేకలను దగ్గరికి రానివ్వకపోవడం వల్లే ఈ ఫలితం," అని పుస్తకంలో రాసుకుంటూ పైకి చదివారు. పక్కనే ఉన్న అవ్వ నావైపు చూసింది. అన్నిటికీ తొందరపడే నా నోరు ఆ ఒక్క నిమిషం మాత్రం కుదురుగా మూసుకొని ఉంది.

"పోనీలేప్పా, ఉద్యోగం నిలిసె గదా," అని రేంజరుగారు వెళ్లాక చెప్పి, అవ్వ దూరంగా మేస్తున్న తన మేకలను తోలుకుపోయింది.

రిటైరయ్యాక ఒకసారి ఆ చెరువుకు వెళ్లాను. దిబ్బ మీద తుమ్మలు, తుమ్మల నిండా కొంగలు, చెవులు పగిలే గోల. ఆనందం పట్టలేక, గట్టు మీద కనబడిన ఒక రైతుతో, "ఇదంతా మా మేకలవ్వ పుణ్యమప్పా," అన్నాను, ఇన్నేళ్ల బరువు దించుకుంటూ.

"ఎవురామె? పేరేమి?" అన్నాడాయన.

మొలిచిందా లేదా అని గింజను రోజూ తవ్వి చూసినవాణ్ణి, ఆమె పేరు ఒక్కసారైనా అడగలేదు. నవ్వొచ్చింది గానీ, కొంగలు మసకగా కనిపించాయి.