చాంగీ ఇసుకలో రూపాయి బిళ్ళలు

సింగపూర్‌లో బంగారు గనులు లేవు. ఇక్కడి ఇసుకలో దొరికే బంగారమంతా మనుషుల వేళ్ళ నుంచో మెడల నుంచో జారిపడిందే. సెలవు రోజుల్లో మెటల్ డిటెక్టర్ భుజాన వేసుకుని దాన్ని వెతకడం నాకు చాలా ఏళ్ళుగా ఉన్న సరదా. మా ఆయన దీన్ని "చెత్త ఏరుకోవడం" అంటాడు. అననీండి. వారమంతా చాంగీ బిజినెస్ పార్కులో ఒక బ్యాంకు వాళ్ళ తప్పులు వెతికిపెట్టే మనిషికి, ఆదివారం తనకోసం ఏదైనా వెతుక్కునే హక్కు ఉండదా?

ఈ ప్రయాణం మాత్రం నా సరదా కొద్దీ మొదలైంది కాదు. కార్తీకమాసంలో ఒక ఆదివారం, ఇంకా కాఫీ కలుపుకోకముందే ఫోన్ మోగింది. బెడోక్‌లో ఉండే సుభద్ర ఆంటీ. మాది టోవా పాయో, ఆవిడది తూర్పు వైపు. పండగలకి కలుసుకోవడం, ఆవిడ చేసిన పులిహోర డబ్బాలో పెట్టించుకుని తెచ్చుకోవడం, అదీ మా స్నేహం.

"సుధా, నీ దగ్గర ఆ మిషనుంది కదా, అది పట్టుకుని నాతో చాంగీ బీచికి రాగలవా అమ్మా? మీ అంకుల్ ఉంగరం పోగొట్టేశాను," అన్నారు.

"రాకేం ఆంటీ! దొరికించుకునే వద్దాం," అన్నాను. నాకు ధీమా ఎక్కువ అని అందరూ అంటారు. నిజమే.

ఏడు కావస్తుండగా టోవా పాయోలో రైలెక్కాను. అటు వెళ్ళాలనుకునేవాళ్ళకి దారి చెబుతాను: ఎర్ర లైనులో సిటీ హాల్ దాకా వెళ్ళి, అక్కడ పాసిర్ రిస్ వైపు వెళ్ళే ఆకుపచ్చ లైనులోకి మారాలి. తనా మేరాలో దిగి రెండో నంబరు బస్సెక్కితే అది చాంగీ విలేజ్‌లో ఆగిపోతుంది. కార్డు గీస్తే మొత్తం రెండు డాలర్లు దాటిందేమో, అంతే. డిటెక్టర్‌ని విడదీసి సంచిలో పెట్టుకోవడం మంచిది. లేకపోతే రైల్లో అందరూ మీ చుట్టూ ఖాళీ వదిలి నిలబడతారు.

బెడోక్‌లో ఆంటీ ఎక్కారు. నేత చీర, కాళ్ళకి స్పోర్ట్స్ బూట్లు, చేతిలో ఖాళీ సంచి. కూర్చోగానే కుడిచేతి మధ్యవేలు చూపించారు. వేలి మీద ఉంగరం తాలూకు తెల్లటి చార ఉంది. అంకుల్ పోయి మూడేళ్ళయింది. అప్పటినుంచీ ఆయన ఉంగరానికి దారం చుట్టి, తన వేలికి బిగించుకుని తిరుగుతున్నారు.

"నిన్న సాయంత్రం వనభోజనాలు పెట్టుకున్నాం. లిటిల్ ఇండియా నుంచి ఉసిరి కొమ్మ తెచ్చి ఇసకలో గుచ్చాం. ఆడవాళ్ళమంతా కలిసి ఇసకతో శివలింగం చేశాం. అందరూ పువ్వులు పెడుతుంటే నాకో బుద్ధి పుట్టింది." ఆంటీ వేలి మీద చారని తడుముకున్నారు. "మీ అంకుల్‌కి కూడా కార్తీక పుణ్యం దక్కాలని, ఆ ఉంగరం తీసి లింగం నెత్తిన పెట్టానమ్మా."

"మరి తియ్యలేదా?"

"ఇంతలో వాన! పులిహోర తడిసిపోతోందని గిన్నెలు పట్టుకుని తలోదిక్కూ పరిగెత్తాం. ఇంటికెళ్ళి చెయ్యి కడుక్కుంటుంటే తెలిసింది. అప్పటికి పోటు వచ్చేసి ఉంటుంది. మా అమ్మాయికి చెప్పలేదు. ఇసకలో బంగారం పెట్టావా అని తిడుతుంది."

నాకు నవ్వొచ్చింది, జాలేసింది. మనవాళ్ళు పులిహోరని కాపాడుకుని బంగారాన్ని సముద్రానికి వదిలేసి వచ్చారు. అలా ఇంకెవరు చేస్తారు చెప్పండి.

బస్సులో మా పక్కన గాలం కర్ర పట్టుకున్న ఒక చైనా పెద్దాయన కూర్చున్నాడు. నా సంచిలోంచి బయటికి పొడుచుకొచ్చిన కర్రని పరీక్షగా చూసి, "దిస్ వన్ క్యాచ్ వాట్ ఫిష్?" అన్నాడు.

"గోల్డ్, అంకుల్," అన్నాను.

ఆయన నవ్వలేదు. "దెన్ ఫాస్ట్ లా. వాటర్ కమింగ్ బ్యాక్ బిఫోర్ లంచ్," అన్నాడు.

ఆ మాటతో ఆంటీ మొహం పాలిపోయింది. ఇసక తేలి ఉన్నంతసేపే మాకు వ్యవధి. పోటు మళ్ళీ వస్తే ఉంగరం ఇంకా లోతుకి వెళ్ళిపోవచ్చు, పక్కకి కొట్టుకుపోవచ్చు.

చాంగీ విలేజ్‌లో దిగగానే నాసి లెమాక్, అదే కొబ్బరిపాలతో వండిన మలయ్ అన్నం, వాసన కొట్టింది. అక్కడి హాకర్ సెంటర్‌లో, అంటే తిండి దుకాణాల సముదాయంలో, పొద్దున్నుంచే దానికి వరస కడతారు. "ఆంటీ, ఓ కాఫీ?" అంటే తల అడ్డంగా ఊపారు. ఉంగరం దొరికేదాకా మంచినీళ్ళు కూడా ముట్టరట. నా కడుపు మాత్రం గోల పెడుతూనే ఉంది. ఏం చేస్తాం, చిన్న వంతెన దాటి బీచికి నడిచాం.

చాంగీ తీరం చూడ్డానికి పెద్ద గొప్పగా ఉండదు. సన్నటి ఇసక, సరుగుడు చెట్లు, ఎదురుగా నీళ్ళలో ఆగిన ఓడలు, నెత్తిమీంచి చక్రాలు బయటపెట్టి దిగే విమానాలు. నాకు మాత్రం ఈ ఊళ్ళో ఇంతకన్నా ఇష్టమైన చోటు లేదు. ఒక మాట: ప్రతి తీరంలోనూ డిటెక్టర్ తిప్పనివ్వరు, ముందే కనుక్కుని వెళ్ళండి. తవ్విన ప్రతి గుంటా పూడ్చండి.

"ఇదిగో, ఈ చెట్టు ఎదురుగానే," అన్నారు ఆంటీ. పది అడుగులు నడిచి, "కాదేమో, అదేమో," అన్నారు. సరుగుడు చెట్లన్నీ ఒకలాగే ఉన్నాయి. గుర్తుకి గుచ్చిన ఉసిరి కొమ్మని సముద్రం ఎప్పుడో తీసుకుపోయింది. ఇసక అంతా ఇప్పుడే ఇస్త్రీ చేసినట్టు నున్నగా ఉంది.

నేను కంగారు పడలేదు. యంత్రం బిగించి, చెవులకి హెడ్‌ఫోన్ తగిలించి, చెట్ల వరస పొడవునా నేలకి ఆనించీ ఆనించకుండా తిప్పుతూ నడిచాను. ఇనుము తగిలితే మోగకుండా దానికి ముందే చెప్పి పెడతాను. లేకపోతే మేకులూ సీసా మూతలూ చెవులు చిల్లులు పొడిచేస్తాయి. బంగారం మధ్యరకం గొంతుతో పలుకుతుంది. చిక్కేమిటంటే కూల్‌డ్రింక్ డబ్బాలు తెరిచే అల్యూమినియం రింగులు కూడా అచ్చం అదే గొంతుతో పలుకుతాయి. కాబట్టి బంగారం కావాలంటే ఆ రింగులన్నీ తవ్వి తీరాలి.

తవ్వాను. రింగు, రింగు, చాక్లెట్ కాగితం, మళ్ళీ రింగు. ఒక్కోసారి యంత్రం పలకగానే ఆంటీ వంగేవారు. నేను పైకి తీసి చూపించగానే మళ్ళీ నిటారుగా నిలబడేవారు. నా జేబు నిండింది గానీ ఉంగరం జాడ లేదు. ఇంతలో నీళ్ళు ఇసక మీదికి నాలుగడుగులు జరిగాయి.

"పోనీలేమ్మా, ఎండెక్కిపోతోంది. నీకు ఆకలేస్తుంది," అన్నారు ఆంటీ. ఆ గొంతులో ఆశ పోయింది. అది విని నాకు కోపం వచ్చింది, ఎవరి మీదో తెలీదు.

యంత్రం పక్కన పెట్టి ఆవిడని కూర్చోబెట్టాను. "ఆంటీ, లింగం దగ్గర ఇంకేం పెట్టారు? ఒక్కొక్కటీ చెప్పండి."

"పసుపు, కుంకం, చామంతులు, మారేడాకులు. ఇంకేముంటాయి?"

"లోహంతో చేసినవి?"

"రాగి చెంబు, అది తెచ్చేసుకున్నాం. దక్షిణ వేశాంగా, తలో రూపాయి."

"సింగపూర్ డాలరా?"

"ఛఛ, ఆ డాలర్లు దేవుడికెందుకు? మన రూపాయి బిళ్ళలే. పూజలకని అందరం ఇండియా నుంచి తెచ్చుకుంటాం కదా. చుట్టూ పేర్చాం."

నేను లేచి నిలబడ్డాను. ఇప్పటి మన రూపాయి బిళ్ళ ఉక్కుది. ఇనుము తగిలితే నోరు మూసుకోమని పొద్దున్నే యంత్రానికి చెప్పింది నేనే. రూపాయల మీంచి ఎన్నిసార్లు నడిచానో, అది చెప్పినట్టే నోరు మూసుకుని ఉంది; వాటి కింద బంగారం ఉన్నా దాని గొంతు కూడా అందులోనే అణిగిపోతుంది.

"ఆంటీ, పదండి," అని ఆ కట్టడి తీసేశాను. వెంటనే చెవుల్లో సంత మొదలైంది. ఇక్కడో మేకు, అక్కడో మూత. అవన్నీ విడివిడిగా గొణుగుతున్నాయి. నాక్కావలసింది ఒకేచోట గుమిగూడి గొణిగే గుంపు. వచ్చిన దారినే వెనక్కి తిప్పుకుంటూ వెళ్ళాను. ఆంటీ చూపించిన రెండు చెట్లూ కాక మూడో చెట్టు ఎదురుగా, నీళ్ళ అంచుకి దగ్గరలో, యంత్రం ఆగకుండా గొణిగింది. నా చేతిపారతో ఒక్క పెట్టు తవ్వాను. అశోక స్తంభం సింహాలు తడి ఇసకలోంచి నన్ను చూశాయి. ఆ తీరంలో రూపాయి బిళ్ళ పడేసేవాళ్ళు మనవాళ్ళు కాక ఇంకెవరు?

"ఇదే! ఇక్కడే!" అని ఆంటీ చీర కుచ్చిళ్ళు పైకి దోపి మోకాళ్ళ మీద కూలబడ్డారు.

ఒక్కో బిళ్ళా తీసి పక్కన పెడుతూ వెళ్ళాం. రూపాయలన్నీ తీసేశాక ఆ గొణుగుడు సద్దుమణిగి, దాని కింద నుంచి మధ్యరకం గొంతు ఒకటి సన్నగా వినిపించింది. పార వదిలేసి చేత్తో తవ్వాను. మోచేతి దాకా వెళ్ళలేదు, దారం వేలికి తగిలింది. ముందు దారం, తర్వాత ఉంగరం. నీళ్ళు మా గుంట అంచుని తాకుతున్నాయి.

ఆంటీ ఉంగరాన్ని చూడలేదు. ముందు గుప్పిట్లో పెట్టుకుని గుండెకి ఆనించుకున్నారు. నేనైతే ఏడ్చాను, దాచడం ఎందుకు.

రూపాయలు ఆవిడ చేతికి ఇవ్వబోతే చెయ్యి వెనక్కి లాక్కున్నారు. "దేవుడికిచ్చినవి మళ్ళీ పట్టుకుపోతామా?" అని అన్నీ దోసిట్లో పోసుకుని సముద్రంలోకి విసిరారు. ఇంకెప్పుడైనా నాలాంటివాళ్ళకి అవి దొరికితే, ఇక్కడ మన ఓడేదో మునిగిందనుకుని పరిశోధన మొదలుపెడతారు. గుంటలన్నీ పూడ్చి వంతెన దాటాం.

హాకర్ సెంటర్‌లో ఆంటీ రెండు తోసైలు, అంటే మన దోసెలే, తిన్నారు, ఇంకోటి తెప్పించుకున్నారు. నేను ఎట్టకేలకు కాఫీ తాగాను. తిరుగు బస్సులో పై అంతస్తులో ముందు సీట్లో కూర్చున్నాం. ఉంగరానికి చుట్టిన దారంలో ఇసక రేణువులు ఇరుక్కుని మెరుస్తున్నాయి. "ఇంటికెళ్ళి కొత్త దారం చుట్టుకోండి," అన్నాను. ఆవిడ వినిపించుకోలేదు.

"మీ అంకుల్ జీవితమంతా షిప్‌యార్డులో ఓడలు బాగుచేశారు. కానీ ఈత రాదు. మోకాలు దాటి నీళ్ళలో దిగమంటే ఒట్టు, దిగరు. బీచికెళ్తే చెప్పులు కాపలా కాస్తూ కూర్చునేవారు." ఆంటీ ఉంగరాన్ని వేలి మీద తిప్పారు. "అలాంటి మనిషి రాత్రంతా సముద్రంలో ఉన్నారు చూడు."

ఇద్దరం పగలబడి నవ్వాం. కింద డ్రైవరుకి కూడా వినపడే ఉంటుంది.

ఇన్నేళ్ళ సరదాలో నాణేలు దొరికాయి, వెండి గొలుసులు దొరికాయి, ఒకసారి సన్నటి చెవిపోగు కూడా. జేబులో చెత్త రింగులు తప్ప ఏమీ లేకుండా ఇంటికి వెళ్తూ ఇంత గర్వపడింది మాత్రం ఆ రోజే. మళ్ళీ ఎవరైనా చాంగీ తీసుకెళ్ళమంటే ఆనందంగా వెళ్తాను, ఈసారి ముందు తిని.

రైలు బెడోక్ చేరుతుండగా ఆంటీ ఫోన్ మోగింది. వాళ్ళ అమ్మాయి. పొద్దున్నే చెప్పాపెట్టకుండా ఎక్కడికెళ్ళావని ఆ పిల్ల అరుపు నాకు కూడా వినిపిస్తోంది. తలుపులు తెరుచుకున్నాయి. ఆంటీ నా చెయ్యి ఒకసారి గట్టిగా నొక్కి, దిగుతూ ఫోన్లో అన్నారు:

"అరవకే. మీ నాన్నని సముద్రస్నానానికి తీసుకెళ్ళాను. వచ్చేస్తున్నాం."