మాహూర్ టేకు అడవిలో రెండు చప్పట్లు

ఈ నడకకు కారణం భక్తి కాదు, పౌరుషం. నాందేడ్ జిల్లా హిమాయత్‌నగర్‌లో ఉండే మా బావమరిది, రిటైరైన మాస్టారు, మొన్న ఒక పెళ్లి భోజనాల దగ్గర అందరూ వింటుండగా అన్నాడు: "మా బావ అడివి మీద బీరువ నిండ పుస్తకాలు చదివిండు గని, బస్సు దిగి అడివిల పది అడుగులు నడ్వలే." పంక్తి అంతా నవ్వింది. తను వయసులో ఉన్నప్పుడు మాహూర్ అమ్మవారి కొండకు అడవి దారిన నడిచానని, ఆ దారి నావంటివాడికి కాదని కూడా చెప్పాడు. నలభై ఏళ్లుగా ఈ మాటలు భరిస్తున్నాను. మర్నాడే వీపుకు తగిలించుకునే సంచి కొన్నాను. "నువ్వొక్కనివే పోయి తప్పిపోతె మా అన్న మాటే నిజమైతది," అని మా ఆవిడ ఇంకో సంచి కొనిపించింది.

ఫిబ్రవరి నెల. నాందేడ్ బస్టాండులో ఉదయం అయిదింటికి కిన్వట్ బస్సెక్కాం. ముసలివాళ్లకూ ఆడవాళ్లకూ సగం టికెట్టే. ఎనిమిదిన్నరకు కిన్వట్‌లో దిగి, పోహా అనే అటుకుల ఉప్మా తిని, మాహూర్ రోడ్డు మీద కాలిబాట చీలే చోటికి మూడు వందలకు ఆటో మాట్లాడుకున్నాం. అక్కణ్ణుంచి పద్దెనిమిది కిలోమీటర్లు. చెరో సంచిలో నీళ్లు, జొన్నరొట్టెలు, పల్లీల పొడి, ఒక దుప్పటి.

దింపేటప్పుడు ఆటో అతను మా ఆవిడతో అన్నాడు: "కాకూ, లోపల పేరు పెట్టి పిలుచుకోకుండ్రి. దూరమైతె రెండు చప్పట్లు కొట్టుండ్రి, అవుతలోళ్లు రెండు కొట్టాలె. మా దిక్కు అందరం గట్లనే."

"ఎందుకట?" అన్నాను.

"నాకేం ఎర్క కాకా. మా నాయిన చెప్పిండు."

"మీ నాన్న ఏం చదువుకున్నాడు?"

"ఏం చదువలే. గని పోయిన ప్రతిసారి ఇంటికచ్చిండు."

మా ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

మొదటి మూడు గంటలు హాయిగానే నడిచాం. ఆ నెలలో టేకు ఆకు రాలుతుంది. విస్తరంత ఆకులు ఎండి దారి పొడుగునా పడి ఉంటాయి. మనం ఆగినా ఎక్కడో ఒక ఆకు రాలి, ఎవరో అడుగు వేసినట్టు చప్పుడవుతుంది. పదకొండు తర్వాత ఫోన్లలో సిగ్నల్ పోయింది. ఒంటిగంటకు రొట్టెలు తిన్నాం. అప్పటికి పక్షులు కూడా కూయడం మానేశాయి. మా ఆవిడ రెండుసార్లు వెనక్కి తిరిగి చూసింది. ఏమిటని అడిగితే, "ఏం లేదు, నడువు," అంది.

రెండింటికి ఆమె చెప్పు అట్టలోంచి ముల్లు దిగింది. "నువ్వు పోతుండు, ముల్లు తీసుకోని అందుకుంట," అంది. మెల్లగా పోతూనే ఉన్నాను. పది నిమిషాల తర్వాత చూస్తే వెనక ఆమె లేదు. ఆటో అతని మాట గుర్తుంది. గుర్తుంది కనుకనే పట్టుదలగా ఆమె పేరు పెట్టి రెండుసార్లు గట్టిగా పిలిచాను.

ఎడమవైపు పల్లంలోంచి ఆమె గొంతు నా పేరు పలికింది.

నలభై ఒక్క ఏళ్ల కాపురంలో ఆమె నన్ను ఒక్కసారీ పేరు పెట్టి పిలవలేదు. భయపడి పిలిచిందనుకున్నాను. దాచడం దేనికి, లోపల కాస్త సంతోషం కూడా కలిగింది. బాట దిగి పల్లంలోకి పోయాను. మళ్లీ పిలిచింది, మరికాస్త దూరం నుంచి. ఎండిన వాగు దాటాను. అప్పుడు గమనించాను: అన్ని ఆకుల్లో నా అడుగులే చప్పుడు చేస్తున్నాయి. అటువైపు ఏ అలికిడీ లేదు.

వెనక, బాగా పైనుంచి, రెండు చప్పట్లు వినిపించాయి.

నిలబడిపోయాను. జవాబుగా కొడితే ఆటో అతను గెలిచినట్టు, బావమరిది గెలిచినట్టు. పై నుంచి మళ్లీ రెండు, ఈసారి నీరసంగా. ఎదుట పొదల్లోంచి నా పేరు మూడోసారి వినిపించింది, చాలా దగ్గరగా, బుజ్జగిస్తున్నట్టు. రెండు చేతులూ ఎత్తి కొట్టాను. చప్పట్లు వస్తున్న వైపు ఎక్కుతూ, కొడుతూ, మళ్లీ ఎక్కుతూ బాటకు చేరాను.

నేను విడిచిన చోటనే ఆమె రాతి మీద కూర్చుని ఉంది. అరచేతులు ఎర్రగా కందాయి.

"అటెందుకు దిగినవ్?"

"నువ్వేగా పేరు పెట్టి పిలిచావు."

ముల్లు తీసిన పిన్నీసు గాజుకు తగిలించుకుంటూ అంది: "నీ పేరు నేనెన్నడన్న పిలిచిన్నా? నా నోట్ల పిన్నీసు ఉండె. చప్పట్లే కొట్టిన."

ఆ తర్వాత ఆమె సంచి పట్టీ పట్టుకునే నడిచాను. అయిదున్నరకు, ఇంకా వెలుగుండగానే, మాహూర్ చేరాం. సిగ్నల్ రాగానే బావమరిది ఫోన్.

"దారి దొరికిందా బావా?"

"దొరికింది." ఈ ఒక్క మాట అనడానికే వచ్చాను.

అతను నవ్వలేదు. "చెల్లె నీ పక్కకే ఉన్నదా?"

"ఉంది."

"నిన్ను గూడ అడివిల పేరు పెట్టి పిలిచిందా?"

ఫోన్ పెట్టేశాను.

రాయికి తగిలి మాట తిరిగొస్తుందని నేనూ చదివాను. కానీ తిరిగొచ్చే మాట మనం అన్న మాటే అయి ఉండాలి. నేను పిలిచింది ఆమె పేరు. బావమరిదిని ఇన్నేళ్లూ గొప్పలు చెప్పుకునేవాడనే అనుకున్నాను, ఇప్పటికీ అంటాను. అతను వయసులో ఉండగా ఆ దారిన నడిచింది ఎవరితోనో, తిరిగొచ్చింది ఎందరో మాత్రం అడగలేదు. అడగను కూడా.

జంటగా వెళ్లేవారికి ఒక్క సలహా. వెనక మనిషి ఆగితే ముందు మనిషీ ఆగాలి, ముల్లు తీసే అయిదు నిమిషాలైనా సరే. నేను ఆగలేదు.